పేరు అదే, పాస్‌వర్డ్ అదే, డెస్క్‌టాప్ మాత్రం ఖాళీ

శని, ఆదివారాలు కూర్చుని పాత టెర్మినల్ సర్వర్ నుంచి కొత్తదానికి అందరినీ మార్చేసిన ఆఫీసుల్లో సోమవారం పొద్దున మొదట వినిపించే మాట ఇది: "సార్, నా డెస్క్‌టాప్ మీదవన్నీ పోయాయండీ!" పోలేదు. ఫైళ్లు డిస్కు మీద భద్రంగానే ఉన్నాయి. చాలాసార్లు కొత్త సర్వర్‌లోనే, ఆ యూజర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఆ ఫోల్డర్ ఈ మనిషిదేనని విండోస్ ఒప్పుకోవడం లేదు, అంతే. ఎందుకు ఒప్పుకోదో తెలిస్తే ఈ పనిలో చిక్కు చాలావరకు విడిపోతుంది.

టెర్మినల్ సర్వర్ అంటే పదిమందో ఇరవైమందో ఒకే విండోస్ సర్వర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో లాగిన్ అయి, ఎవరి డెస్క్‌టాప్ మీద వాళ్లు పనిచేసుకునే ఏర్పాటు. 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్‌గా వచ్చింది. విండోస్ సర్వర్ 2008 ఆర్2 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ అంటోంది గానీ, పనిచేసేవాళ్ల నోట్లో ఇంకా టెర్మినల్ సర్వరే. ఆడిటర్ల ఆఫీసుల్లో, హోల్‌సేల్ వ్యాపారుల అకౌంట్స్ సెక్షన్లలో ట్యాలీ, ఎక్సెల్, అవుట్‌లుక్ ఇలాంటి సర్వర్ మీద నడుస్తుంటాయి. వాటిలో సర్వర్ 2012 ఆర్2కు విడిగా డబ్బు కట్టకుండా వచ్చే సపోర్ట్ 2023 అక్టోబర్ 10తో ఆగిపోయింది. సర్వర్ 2016కు 2027 జనవరి 12తో ఆగిపోతుంది. కాబట్టి ఇవాళ కాకపోతే రేపైనా ఈ మార్పిడి తప్పదు. ఇరవైమంది పనిచేసే అకౌంట్స్ ఆఫీసు ఒకటి 2012 ఆర్2 నుంచి 2022కి మారుతోందనుకుని మాట్లాడుకుందాం.

విండోస్ గుర్తుపెట్టుకునేది పేరు కాదు

లక్ష్మి అనే యూజర్‌ని సృష్టించగానే విండోస్ ఆమెకు ఒక పొడవాటి నంబర్ ఇస్తుంది. దాన్ని సిడ్ అంటారు. అది ఎస్-1-5-21 అని మొదలవుతుంది. ఆ తర్వాత మూడు పెద్ద అంకెలు, అవి ఆ సర్వర్‌వో డొమైన్‌వో (డొమైన్ అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటి యూజర్లనూ ఒకేచోట నుంచి నడిపే ఏర్పాటు). చివర చిన్న అంకె ఆ యూజర్‌ది. అడ్మినిస్ట్రేటర్‌కి ఎప్పుడూ 500, మనం సృష్టించే వాళ్లకు 1000, ఆ పైన. ఫోల్డర్ పర్మిషన్లలో, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో, ఎక్కడ చూసినా విండోస్ రాసుకునేది ఈ నంబరే. మనకు స్క్రీన్ మీద 'లక్ష్మి' అని కనిపించేది, చూపించే క్షణంలో నంబర్‌ని పేరుగా మార్చి చూపించడం వల్ల. ఇద్దరు వెంకటేశ్వర్లు ఒకే బ్రాంచికి వస్తే బ్యాంకు అకౌంట్ నంబరే చూస్తుంది కదా, ఇదీ అలాంటిదే.

ఇప్పుడు కొత్త సర్వర్‌లో మళ్లీ 'లక్ష్మి' అని, అదే పాస్‌వర్డ్‌తో యూజర్‌ని సృష్టించారనుకోండి. చివరి అంకె కలిసినా కలవవచ్చు, పాతదానిలోనూ 1004, ఇక్కడా 1004. మధ్యలో మూడు అంకెలు మాత్రం కలవవు. విండోస్ లెక్కలో ఈమె వేరే మనిషి.

ప్రొఫైల్, అంటే ఒక యూజర్ ఫైళ్లూ సెట్టింగులూ ఉండే ఫోల్డర్, దాని సంగతీ అంతే. సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద ఉన్న ఫోల్డర్ పేరు చూసి విండోస్ ప్రొఫైల్ తెరవదు. రిజిస్ట్రీలో ప్రొఫైల్‌లిస్ట్ అనే చోట ఒక్కో సిడ్‌కి ఒక్కో పద్దు ఉంటుంది, ఈ సిడ్ వాళ్ల ప్రొఫైల్ ఫలానా ఫోల్డర్‌లో ఉంది అని. యూజర్ మొదటిసారి లాగిన్ అయినప్పుడు ఆ పద్దు లేకపోతే విండోస్ కొత్త ఫోల్డర్ తయారుచేస్తుంది. మనం ముందే పాత 'లక్ష్మి' ఫోల్డర్‌ని కాపీ చేసి అక్కడ పెట్టేసి ఉంటే, ఆ పేరు ఖాళీ లేదు కాబట్టి, పక్కన చుక్క పెట్టి సర్వర్ పేరో డొమైన్ పేరో తగిలించి ఇంకో ఫోల్డర్ పెడుతుంది. అదీ ఉంటే చివర 000, 001 అంటూ పోతుంది. సోమవారం ఫిర్యాదు వెనక కథ ఎక్కువగా ఇదే. యూజర్స్ ఫోల్డర్ తెరిచి చూస్తే 'లక్ష్మి' పక్కనే రెండో లక్ష్మి కనిపిస్తుంది.

దీనికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. ప్రొఫైల్‌లిస్ట్‌లో పద్దు ఉండి, అది చూపించే ఫోల్డర్ మీద యూజర్‌కు పర్మిషన్ లేకపోతే విండోస్ టెంపరరీ ప్రొఫైల్ ఇస్తుంది. డెస్క్‌టాప్ వస్తుంది, పని జరుగుతుంది, ఫైళ్లు సేవ్ అవుతాయి. సాయంత్రం లాగాఫ్ కాగానే ఆ ప్రొఫైల్‌లో దాచినదంతా చెరిగిపోతుంది. మూలన ఒక నోటిఫికేషన్ వచ్చి పోతుంది కానీ, పొద్దున్నే ట్యాలీ తెరిచే హడావుడిలో దాన్ని చదివేదెవరు? ప్రొఫైల్‌లిస్ట్‌లో సిడ్ చివర డాట్ బ్యాక్ (.bak) అని కనిపిస్తే అక్కడ ఇది జరిగిందని అర్థం.

డొమైనా, వర్క్‌గ్రూపా?

అందుకే మార్పిడి ఎలా చేయాలి అని అడిగితే నేను ముందు అడిగే ప్రశ్న ఇదే. పాత, కొత్త సర్వర్లు రెండూ ఒకే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్‌లో ఉంటే సగం అదృష్టమే. యూజర్ సిడ్ డొమైన్‌ది కాబట్టి మారదు, పాస్‌వర్డులు మారవు, షేర్ ఫోల్డర్ పర్మిషన్లు మారవు. కొత్త సర్వర్‌ని డొమైన్‌లో చేర్చి, అక్కడి రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో పాత గ్రూపునే పెడితే అకౌంట్ల పని అయిపోయింది. మిగిలేది ప్రొఫైళ్లే.

వర్క్‌గ్రూప్ అయితే అకౌంట్లన్నీ ఆ సర్వర్ కడుపులోనే ఉంటాయి. పేర్లు, గ్రూపులు చూసి కొత్తదానిలో మళ్లీ సృష్టించుకోవాలి. పాస్‌వర్డులు బయటకు తీసే అధికారిక మార్గం లేదు. కొత్తవి పెట్టి, మొదటి లాగిన్‌లో మార్చుకోమని చెప్పడమే. పాత పాస్‌వర్డులన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసిపెట్టిన ఆఫీసులు ఉన్నాయి. ఆ షీట్‌ని చింపేయడానికి ఇంతకన్నా మంచి సందర్భం రాదు.

ఇరవైమంది దాకా ఉంటే సర్వర్ మార్చే ముందే ఒక చిన్న డొమైన్ పెట్టుకోమంటాను. దానికో గట్టి కారణం లైసెన్సు. టెర్మినల్ సర్వర్ వాడుకోవడానికి కొనే లైసెన్సులు, వీటిని క్యాల్ అంటారు, రెండు రకాలు: మనిషికి ఒకటి, లేదా యంత్రానికి ఒకటి. సర్వర్ 2019 నుంచి వర్క్‌గ్రూప్‌లో మనిషికి ఒకటి చొప్పున పెడితే, లైసెన్సులో తేడా ఉంది, 60 నిమిషాల్లో సెషన్ తెగిపోతుంది అని మెసేజ్ వస్తుంది. నిజంగానే తెగిపోతుంది. వర్క్‌గ్రూప్‌లోనే ఉండాలంటే యంత్రానికి ఒకటి చొప్పున కొనుక్కోవాలి. ఇంకో మెలిక: 2012కు కొన్న క్యాల్ 2022 సర్వర్‌కు చెల్లదు, క్యాల్ వెర్షన్ సర్వర్ వెర్షన్‌తో సమానంగానో ఆపైనో ఉండాలి. మొదటి 120 రోజులు గ్రేస్ పీరియడ్ కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఆగస్టులో మార్చిన సర్వర్ డిసెంబర్‌లో మొండికేయడానికి కారణం ఇదే. అప్పటికి ఆ పని చేసిన మనిషి ఫోన్ ఎత్తడు.

మూడో దారి, పాత డొమైన్ నుంచి కొత్త డొమైన్‌కి వెళ్లడం. దానికి మైక్రోసాఫ్ట్ ఏడీఎంటీ అనే పాత పనిముట్టు ఉంది. కొత్త అకౌంట్ మీద పాత సిడ్‌ని చరిత్రగా అంటించి ఉంచుతుంది, దాంతో పాత ఫోల్డర్ల పర్మిషన్లు పనిచేస్తూ ఉంటాయి. దాన్ని వాళ్లు అభివృద్ధి చేయడం మానేసి చాలాకాలమైంది. పెద్ద సంస్థల వ్యవహారం, ఇక్కడ వదిలేద్దాం.

ప్రొఫైల్‌ని మొత్తంగా ఎత్తుకెళ్లొచ్చా?

ఎత్తుకెళ్లొచ్చు. ఫోల్డర్ కాపీ చేసి, కొత్త సిడ్‌కి పర్మిషన్ ఇచ్చి, ప్రొఫైల్‌లిస్ట్‌లో దారి మార్చాలి. ఇక్కడిదాకా చేసి చాలామంది ఆగిపోతారు, టెంపరరీ ప్రొఫైల్ వస్తుంది. ఎందుకంటే ప్రొఫైల్‌లో ఎన్‌టీయూజర్ డాట్ (NTUSER.DAT) అనే ఫైలు ఉంటుంది, యూజర్ సెట్టింగులన్నీ ఉండే రిజిస్ట్రీ ముక్క అది. ఆ ఫైలు మీద పర్మిషన్ ఇవ్వడం వేరు, దాని లోపల ఉన్న ఒక్కో కీ మీద పర్మిషన్ వేరు. రిజిస్ట్రీ ఎడిటర్‌లో దాన్ని విడిగా లోడ్ చేసి, లోపల కొత్త యూజర్‌కి పూర్తి హక్కు ఇచ్చి, మర్చిపోకుండా అన్‌లోడ్ చేయాలి. ప్రొఫైల్‌లో దాగి ఉండే యాప్‌డేటా ఫోల్డర్ లోపల యూజర్‌క్లాస్ డాట్ (UsrClass.dat) అని దానికో తమ్ముడున్నాడు, వాడికీ అంతే.

ఇదంతా చేసినా 2012 ఆర్2 ప్రొఫైల్‌ని 2022లో నడపడం నాకు నచ్చని పని. మధ్యలో స్టార్ట్ మెనూ నిర్మాణమే మారిపోయింది. యూజర్ ఏ యంత్రంలో లాగిన్ అయినా వెంట వచ్చే రోమింగ్ ప్రొఫైళ్ల విషయంలో మైక్రోసాఫ్టే ఫోల్డర్ పేరు చివర 2012 ఆర్2కు వీ4 అని, 2016 నుంచి వీ6 అని విడగొట్టి పెట్టింది. రెండూ కలవవని వాళ్లే చెప్పినట్టు. పీడీఎఫ్‌ని ఏ సాఫ్ట్‌వేర్‌తో తెరవాలి అనే ఎంపికకు కూడా యూజర్ సిడ్‌తో కలిపి లెక్కగట్టిన ముద్ర ఉంటుంది. సిడ్ మారగానే ముద్ర కలవదు, విండోస్ ఆ ఎంపికను పక్కన పడేస్తుంది. వీటికి తోడు ఆ రిజిస్ట్రీ ముక్క నిండా పాత సర్వర్ పేర్లు, తీసేసిన ప్రింటర్లు, లేని డ్రైవ్‌ల దారులు. లాగిన్‌కి రెండు నిమిషాలు పడుతోందంటే అది తెరుచుకోని పాత ప్రింటర్ కోసం ఎదురుచూడటమే కావచ్చు.

ప్రొఫైళ్లను ఒక యంత్రం నుంచి ఇంకోదానికి మార్చే యూఎస్‌ఎంటీ అనే మైక్రోసాఫ్ట్ పనిముట్టు ఉంది కదా అనొచ్చు. డెస్క్‌టాప్ విండోస్‌కు అది బాగుంటుంది కానీ, సర్వర్ విండోస్‌కు దానికి సపోర్ట్ లేదు.

కాబట్టి నా పద్ధతి ఇది: కొత్త సర్వర్‌లో ప్రతి యూజర్‌కి కొత్త ప్రొఫైల్ పుట్టనివ్వాలి, పాతదాని నుంచి వాళ్లకు నిజంగా కావలసినవే తెచ్చి అందులో పెట్టాలి. యూజర్ ఒకసారి లాగిన్ అయి, లాగాఫ్ అయ్యాకే కాపీ మొదలుపెట్టాలి.

కావలసినవి ఏమిటి? డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అందరికీ గుర్తుంటాయి. డౌన్‌లోడ్స్‌ని చెత్తబుట్ట అనుకుని వదిలేస్తారు, బ్యాంకు స్టేట్‌మెంట్లూ చలాన్లూ ఉండేది అక్కడే. అవుట్‌లుక్‌లో మెయిళ్లు దాచుకున్న పీఎస్‌టీ ఫైలు తప్పకుండా తేవాలి, మెయిల్ సర్వర్‌లో ఉన్నవాటి నకలైన ఓఎస్‌టీ అక్కర్లేదు, సర్వర్ నుంచి మళ్లీ దిగుతుంది. మెయిల్ సంతకాలు యాప్‌డేటా రోమింగ్ కింద సిగ్నేచర్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. 'టు' దగ్గర రెండక్షరాలు కొట్టగానే వచ్చే అడ్రసులు యాప్‌డేటా లోకల్ కింద రోమ్‌క్యాష్‌లో ఉంటాయి. అవి రాకపోతే వచ్చే గొడవ మెయిళ్లు పోయినదానికన్నా పెద్దది, ఎవరి ఈమెయిల్ ఐడీ ఎవరికీ గుర్తుండదు మరి. ఎక్సెల్‌లో మాక్రోలు రాసుకున్న మనిషి ప్రతి ఆఫీసులో ఒకరుంటారు. వాళ్లకు ఎక్స్‌ఎల్‌స్టార్ట్ ఫోల్డర్‌లోని పర్సనల్ అనే వర్క్‌బుక్ తేవాలి.

తెలుగు ఉత్తరాలు అను ఫాంట్లలో టైపు చేసే ఆఫీసైతే ఫాంట్లు చూసుకోవాలి. అవి లేకపోతే పాత లెటర్లన్నీ పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. సర్వర్ 2019 తరం నుంచి మామూలు యూజర్ ఫాంట్ వేసుకుంటే అది వాళ్ల ప్రొఫైల్ వరకే పరిమితం, పక్కవాళ్లకు కనిపించదు. అడ్మిన్‌గా, యూజర్లందరికీ అన్న ఎంపికతో వేయాలి.

తేదీలు తిరగబడితే

కొత్త ప్రొఫైల్ పుట్టనివ్వడంలో ఒక పెద్ద గుంట ఉంది. కొత్త ప్రొఫైల్ సర్వర్‌లోని డిఫాల్ట్ యూజర్ సెట్టింగులతో పుడుతుంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏమీ మార్చకపోతే అవి అమెరికా ఇంగ్లిష్. అంటే తేదీలో నెల ముందు, రోజు తర్వాత. పదేళ్లుగా పాత సర్వర్‌లో ఇండియా సెట్టింగులు ఉన్నాయి కాబట్టి ఎవరికీ ఈ ఊహ రాదు.

ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్ సీఎస్‌వీ ఒకటి ఎక్సెల్‌లో తెరవండి. మే 4వ తేదీ, అంటే 04/05/2024, ఏప్రిల్ 5గా మారిపోతుంది. ఏ ఎర్రరూ రాదు. మే 13కి వచ్చేసరికి 13వ నెల ఉండదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా తీసుకోదు, ఉత్త టెక్స్ట్‌గా వదిలేస్తుంది. అందుకే ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడివైపు, కొన్ని ఎడమవైపు అతుక్కుని కనిపిస్తాయి. ఎడమవైపువి కంటపడతాయి, బాగుచేసుకుంటారు. కుడివైపు బుద్ధిగా కూర్చున్నవే తప్పు తేదీలు. అంకెల దగ్గరా ఇంతే, 12,50,000 అని ఉండాల్సింది 1,250,000 అయి కూర్చుంటుంది. మన లక్షల కామా యూజర్ రిజిస్ట్రీలో 3;2;0 అనే చిన్న విలువ మీద ఆధారపడి ఉంటుంది.

మందు తేలికే. మొదటి యూజర్ లాగిన్ కాకముందే అడ్మిన్ తన రీజియన్‌ని ఇంగ్లిష్ ఇండియాకి మార్చుకుని, అదే కిటికీలో అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌కి వెళ్లి, సెట్టింగులను వెల్‌కమ్ స్క్రీన్‌కీ కొత్త యూజర్లకీ కాపీ చేసే బటన్ నొక్కి, రెండు టిక్కులూ పెట్టాలి. ఒకసారి ప్రొఫైల్ పుట్టాక ఇది పనిచేయదు, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి మార్చాలి, లేదా డొమైన్‌లో అందరికీ ఒకేసారి సెట్టింగులు పంపే గ్రూప్ పాలసీతో పంపాలి.

దాచుకున్న పాస్‌వర్డులు

ఫైళ్లన్నీ తెచ్చినా రానివి ఇవే. బ్రౌజర్‌లో, అవుట్‌లుక్‌లో 'గుర్తుంచుకో' అని పెట్టిన పాస్‌వర్డులను విండోస్ డీపీఏపీఐ అనే పద్ధతిలో తాళం వేసి పెడుతుంది. ఆ తాళంచెవి యూజర్ పాస్‌వర్డ్, సిడ్ కలిపి తయారవుతుంది. వర్క్‌గ్రూప్ మార్పిడిలో ఆ రెండూ మారుతున్నాయి కాబట్టి అక్కడితో సరి. అడ్మిన్ ముందుచూపుతో అనుకుని పాత సర్వర్‌లో లోకల్ యూజర్ పాస్‌వర్డ్‌ని రీసెట్ చేస్తే పాత సర్వర్‌లోనే అవి తెరుచుకోకుండా పోతాయి. దయచేసి ఆ పని చేయకండి. యూజర్ తనంతట తాను పాత పాస్‌వర్డ్ ఇచ్చి మార్చుకుంటే ఏమీ కాదు.

మారే ముందే బ్రౌజర్ పాస్‌వర్డులను ఎవరికి వాళ్లు ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. వచ్చేది ఉత్త సీఎస్‌వీ, ఎవరైనా తెరిచి చదవగలరు కాబట్టి కొత్తచోట ఇంపోర్ట్ కాగానే చెరిపేయాలి. ఫోల్డర్‌కి విండోస్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే పాత సర్వర్‌లోనే దాన్ని తీసేయించాలి, లేకపోతే ఫైలు వస్తుంది గానీ తెరుచుకోదు. యూఎస్‌బీ టోకెన్‌లో ఉండే డిజిటల్ సిగ్నేచర్‌కి మాత్రం ఈ బాధ లేదు, తాళంచెవి టోకెన్‌లోనే ఉంటుంది. దాని డ్రైవర్ కొత్త సర్వర్‌లో వేస్తే చాలు.

ప్రొఫైళ్లు డిస్కు ఫైళ్లలో ఉంటే

2012 నుంచి యూజర్ ప్రొఫైల్ డిస్క్ అనే ఏర్పాటు ఉంది. ఒక్కో యూజర్ ప్రొఫైల్ ఒక్కో వీహెచ్‌డీఎక్స్ ఫైలులో (డిస్కులా వాడుకోగల ఫైలు) ఉంటుంది, లాగిన్‌లో తగిలించుకుంటుంది. ఆ ఫైలు పేరులోనే సిడ్ ఉంటుంది, ఇంతసేపు చెప్పుకున్నదానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. డొమైన్ మారకపోతే, రెండువైపులా విండోస్ తరం ఒకటే అయితే వీటిని కొత్త షేర్‌కి కాపీ చేసి పనిచేయించవచ్చు. కొత్తగా కట్టేవాళ్లకు నేను చెప్పేది మాత్రం ఇదే పని చేసే ఎఫ్‌ఎస్‌లాజిక్స్ అనే సాఫ్ట్‌వేర్. 2018లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది, టెర్మినల్ సర్వర్ క్యాల్ ఉన్నవాళ్లు విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. ప్రొఫైళ్లు సర్వర్‌లో కాకుండా వేరే షేర్‌లో ఉంటాయి కాబట్టి, ఈసారి సర్వర్ మార్చినప్పుడు ఈ వ్యాసం చదవాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.

కాపీ రాత్రి

కాపీకి విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ కమాండ్‌ని మించింది లేదు గానీ, దాని డిఫాల్టులు తెలియకుండా ముట్టుకోవద్దు. ఒక ఫైలు లాక్‌లో ఉంటే అది 30 సెకన్లకోసారి, పది లక్షలసార్లు ప్రయత్నిస్తుంది. అక్షరాలా పది లక్షలు. రాత్రి పదింటికి మొదలుపెట్టి పొద్దున లేచి చూస్తే మూడో యూజర్ ఓఎస్‌టీ ఫైలు దగ్గరే నిలబడి ఉంటుంది. రీట్రై, వెయిట్ రెండూ ఒకటికి తగ్గించాలి, లాగ్ ఫైలు పెట్టాలి. యాప్‌డేటాలో పాత పేర్లతో జంక్షన్లు ఉంటాయి, ఫోల్డర్ తనలోకి తనే దారి చూపిస్తుంది. వాటిని వదిలేయమని ఎక్స్‌జే స్విచ్ ఇవ్వకపోతే కాపీ లోపలికి లోపలికి తవ్వుకుంటూ పోతుంది.

పర్మిషన్లతో సహా కాపీ చేయాలా వద్దా అన్నది మళ్లీ డొమైన్ ప్రశ్నే. అదే డొమైన్ అయితే చేయవచ్చు. వర్క్‌గ్రూప్ అయితే డేటా, గుణాలు, తేదీలు మాత్రమే తెచ్చి, పర్మిషన్లు కొత్త ఫోల్డర్ నుంచి దిగేలా వదిలేయాలి. లేకపోతే ప్రతి ఫైలు మీదా 'అకౌంట్ అన్‌నోన్' అంటూ పాత సిడ్లు వేలాడుతుంటాయి.

కాపీకి ముందు ఎవరూ లోపల లేరని చూసుకోవాలి. చాలామంది సాయంత్రం లాగాఫ్ కారు, ఇంటూ గుర్తు నొక్కి వెళ్లిపోతారు. వాళ్ల సెషన్ డిస్‌కనెక్ట్ అయి బతికే ఉంటుంది, ఫైళ్లు లాక్‌లోనే ఉంటాయి. కొత్త లాగిన్లు రాకుండా సర్వర్‌ని డ్రెయిన్‌లో పెట్టి, క్వెరీ యూజర్ కమాండ్‌తో మిగిలినవాళ్లను చూసి, ముందే చెప్పి ఉంచిన టైముకి లాగాఫ్ చేయించాలి. డేటా ఎక్కువుంటే ముందు వారంలోనే ఒక విడత కాపీ చేసిపెట్టుకుంటే చివరి రాత్రి తేడాలే మిగులుతాయి.

సోమవారం యూజర్ల కంప్యూటర్లలో ఉన్న షార్ట్‌కట్ పాత సర్వర్ పేరుతో కాకుండా ఒక మారుపేరుతో ఉంటే, పేర్లకు ఐపీ అడ్రసులు చెప్పే డీఎన్‌ఎస్‌లో ఒక్క లైను మారిస్తే సరిపోతుంది. అందరూ ఐపీతోనే కనెక్ట్ అవుతున్న చిన్న ఆఫీసులో పాత ఐపీని కొత్త సర్వర్‌కి ఇచ్చేయడమే సులువు. సర్టిఫికెట్ మారిందని ఒకసారి హెచ్చరిక వస్తుంది, ముందే చెప్పి ఉంచితే ఫోన్లు తగ్గుతాయి. ట్యాలీ లైసెన్సుని మాత్రం పాత సర్వర్ ఆపకముందే సరెండర్ చేయాలి, తర్వాత కొత్తదానిలో యాక్టివేట్ చేయాలి.

పాత సర్వర్‌ని నెట్‌వర్క్ నుంచి తీసి ఉంచండి గానీ, తుడిచేయకండి. రోజూ వాడేవి మొదటి వారంలోనే బయటపడతాయి. నెలకోసారి వాడేవి నెలాఖరుకి, లేదా 20వ తేదీలోగా జీఎస్టీ రిటర్న్ వేయాల్సి వచ్చినప్పుడు గుర్తొస్తాయి: ఎవరి డౌన్‌లోడ్స్‌లోనో ఉండిపోయిన ఆఫ్‌లైన్ టూల్, సీ డ్రైవ్ మీద నేరుగా ఎవరో పెట్టుకున్న 'న్యూ ఫోల్డర్ 2'. కనీసం ఒక రిటర్న్ గడిచాక దాని డిస్కు ఇమేజ్ ఒకటి తీసి పక్కన పెట్టి, అప్పుడు యంత్రాన్ని వేరే పనికి వాడుకోవచ్చు.